బతికున్న మామ్మ పేరు చదివిన ఆదివారం

మా సంఘంలో ఒక ఆదివారం, బతికున్న మనిషి పేరు చనిపోయినవాళ్ళ జాబితాలో చదివారు. చదివింది మా పాస్టరు అయ్యగారే గాని చదివించింది నేను. ఆ సంగతి ఆ రోజు నాకూ తెలియదు. తెలిశాక ఆ వారమంతా అన్నం సయించలేదు. ఇప్పుడు అంతా సర్దుకుంది కనుక ఉన్నదున్నట్టు రాయగలుగుతున్నాను.

మాది పలాస. టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తాను. మా ఇంట్లో అందరం బాప్టిస్టు సంఘం వాళ్ళం. మిషను రోజుల నుంచీ సంఘానికి పెద్ద పెద్ద రిజిస్టర్లు ఉండేవి. ఎవరు ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఎవరి పెళ్ళి ఎవరితో అయింది, పిల్లలెందరు, ఎవరు ఏ ఊరికి మారిపోయారు, ఎవరు ప్రభువునందు నిద్రించారు, అన్నీ వాటిలోనే. అట్టలు ఊడిపోయి, అంచులు చెదలు తినేసి, పేజీ తిప్పితే పొడి రాలేది. పెళ్ళి కుదిరిందని ఇచ్ఛాపురం నుంచి ఎవరో సభ్యత్వ పత్రం కోసం వస్తే, మా సంఘ కార్యదర్శి ముక్కుకు గుడ్డ కట్టుకుని మధ్యాహ్నం దాకా వెతికేవారు. ఆయన రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నేను మావయ్యా అని పిలుస్తాను, చుట్టరికం లేకపోయినా.

ఆయన అవస్థ చూడలేక నేనే ఒక ప్రోగ్రాము రాస్తానన్నాను. రెండు వేసవి సెలవులు దానికే పెట్టాను. ప్రతి కుటుంబం చేతా ఒక ఫారం నింపించి, ఆ ఫారాలు చూసి మావయ్య చదువుతుంటే నేను ఎక్కించాను. పని పూర్తయిన రోజున ఆయన ఒక పేరు కొట్టి, ఆ కుటుంబమంతా తెర మీదకొస్తే, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏటమ్మా ఇది! ముక్కుకి గుడ్డ అక్కర్నేదైతే" అన్నారు.

నేను వాడిన డేటాబేసు చాలా చిన్నది. దానికి సర్వరు గట్రా ఏమీ ఉండవు. సమాచారమంతా ఒకే ఒక్క ఫైలు. ప్రోగ్రాము ఆ ఫైలును నేరుగా తెరిచి, అందులోనే చదువుతుంది, అందులోనే రాస్తుంది. చిన్న సంఘానికి అంతకు మించి అవసరం లేదనిపించింది. ఒక్క కంప్యూటరున్నన్నాళ్ళూ చక్కగా పనిచేసింది కూడా.

తర్వాత కొత్త అయ్యగారు వచ్చారు. ఆయన భార్యకు, అంటే మా అమ్మగారికి, సొంత ల్యాప్‌టాప్ ఉంది. స్త్రీల సమాజం, సండేస్కూలు ఆవిడే చూసుకుంటారు. ఆఫీసు గది మందిరం పక్కన, అయ్యగారి ఇల్లు కాంపౌండుకు ఆ చివర. ప్రతి చిన్నదానికీ ఎండలో అటూ ఇటూ తిరగడమెందుకని, ఆఫీసులో వైఫై రౌటరు పక్కన అరచేతంత పెట్టె ఒకటి పెట్టించాను. అందులో డిస్కుంటుంది. ఫైలు ఆ పెట్టెలో పెడితే కాంపౌండులోని ఏ కంప్యూటరు నుంచైనా తెరుచుకోవచ్చు. ఆఫీసులో మావయ్య, ఇంట్లో అమ్మగారు, ఇద్దరూ ఒకే రిజిస్టరు చూస్తున్నారని నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

నెల తిరక్కుండానే మావయ్య ఫోను చేశారు. "అమ్మా, తాళం పడిపోనాదంట. ఇంగ్లీషులో సూపిత్తంది. తాళం ఎవులేసినారు?"

డేటాబేసు లాకై ఉందన్న సందేశం అది. ఒకరు రాస్తున్నప్పుడు ఫైలుకు తాళం పడుతుంది. రాయడం అయిపోగానే ఊడిపోతుంది. అంతవరకూ రెండోవాళ్ళు ఆగాలి. అది మంచికే. ఒకే పేజీ మీద ఇద్దరు ఒకేసారి రాయకుండా కాపాడేది ఆ తాళమే. కాని పెట్టెకు మార్చాక ఒక్కోసారి రాసేవాళ్ళు లేచి వెళ్ళిపోయినా తాళం ఉన్నట్టే చూపించేది. శనివారం సాయంత్రాలు మరీ ఎక్కువ. ఆదివారం కోసం ఇద్దరూ అప్పుడే పని చేసుకునేవారు. "మూసి మళ్ళీ తెరవండి మావయ్యా" అని బస్సులోంచే చెప్పేదాన్ని. ఒకసారి అమ్మగారు, ఒకసారి మావయ్య. చివరికి నాకే విసుగొచ్చింది.

ఒక రోజు కాలేజీలో ఖాళీగా ఉన్నప్పుడు ఇంటర్నెట్టులో వెతికితే ఒక పద్ధతి దొరికింది. మార్పులు అసలు ఫైలులో కాకుండా ముందు దాని పక్కన మరో చిన్న ఫైలులో రాసుకుని, తర్వాత కలుపుకునే పద్ధతి. అలా చేస్తే చదివేవాళ్ళకు రాసేవాళ్ళు అడ్డం రారని రాసుంది. ఒక్క వాక్యం మారిస్తే చాలు. మార్చేశాను. ఆ రోజు నుంచి తాళం గురించి ఫోను రాలేదు.

ఫోను రాకపోతే బాగైందనుకున్నాను. అయిదు నెలలు అలాగే అనుకున్నాను.

డిసెంబరు ఆఖరి ఆదివారం మా సంఘంలో ఆ ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఒక్కో పేరు చదవగానే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడతారు. అందరి పేర్లూ అయ్యాక ప్రార్థన. ఆ పొద్దున్న కరెంటు లేదు. మందిరంలో రెండో గంట కొడుతుండగా వచ్చింది. మావయ్య గబగబా జాబితా ప్రింటు తీసి, చూసుకునే వ్యవధి లేక అలాగే తీసుకెళ్ళి అయ్యగారి బైబిల్లో పెట్టేశారు.

ఒక పేరు చదివారు. ఒక కుటుంబం లేచింది. ఇంకోటి చదివారు. కుడివైపు నలుగురు లేచారు. తర్వాత పేరు చదివితే ఎవరూ లేవలేదు. ఆడవాళ్ళ వైపు గుసగుసలు మొదలయ్యాయి. అయ్యగారు వినపడలేదేమోనని ఆ పేరే మళ్ళీ గట్టిగా చదివారు.

అప్పుడు ముందు బెంచీలో మామ్మ చేతికర్ర ఊతంతో మెల్లగా లేచి నిలబడింది.

మామ్మ మా సంఘంలో అందరికీ మామ్మే. ఒకప్పుడు ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా పనిచేసింది. సంచీ భుజాన వేసుకుని ఉద్దానం ఊళ్ళన్నీ నడిచి తిరిగిన మనిషి. ఆవిడకు అసలు పేరొకటి ఉందని చాలామందికి తెలియదు, వచ్చి ఏడాది కాని అయ్యగారికి అసలే తెలియదు.

"అయ్యగారూ, అది నా పేరండి" అంది మామ్మ. "నానింకా ఎల్లనేదు."

వెనక నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీ బెంచీకీ పాకింది. అయ్యగారు చేతులు జోడించి "క్షమించండి మామ్మా" అన్నారు. మామ్మ కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ కూర్చుంది. మిగతా పేర్లు చదివేశారు. ప్రార్థన అయింది.

నేను నవ్వలేకపోయాను. తల దించుకుని పక్కకు చూశాను. ఆడవాళ్ళ వైపు ఆఖరి బెంచీలో నవ్వని మనిషి మరొకామె కనబడింది. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం వైపు ఉన్న ఒక ఊరి నుంచి వచ్చింది. ఆమెను నేను అక్క వరుసన అప్పా అంటాను. చిన్నప్పుడు మా వీధిలోనే ఉండేవారు. ఆమె భర్త వానాకాలంలో కిడ్నీ జబ్బుతో పోయాడు. మా వైపు ఆ జబ్బు పేరు చెబితే ఇంకేమీ అడగరు. ఆమె ఒడిలో పర్సు పెట్టుకుని, రెండు చేతులూ ముందు బెంచీ మీద ఆనించి, లేవడానికి సిద్ధంగా కూర్చుంది. ఆయన పేరు చదవలేదు. ఆశీర్వాదం పూర్తి కాకముందే ఆమె వెళ్ళిపోయింది. నేను బయటికి పరుగెత్తేసరికి గేటు దగ్గర ఆటో కదిలిపోతోంది.

ఆఫీసులో మావయ్య జాబితా ముందు పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు. అప్ప భర్త పేరు ఉండాల్సిన చోట మామ్మ పేరు ఉంది. తేదీ మాత్రం ఆయన చనిపోయినదే.

"ఆయన పేజీ తెరిసి తేదీ నానే కొట్నాను. సరిగ్గా పడినాదని కూడా సూసినాను" అన్నారు. మళ్ళీ జాబితా చూసి, "సూసినాననుకున్నానేమో" అన్నారు.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన పక్కన నిలబడి, "పర్లేదు మావయ్యా, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. వయసు మీదపడింది, ఒక వరుస పైనో కిందో నొక్కి ఉంటారు అనుకున్నాను. ఆయన తల ఊపారు. కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకుని, సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయారు.

అయినా మనసు ఊరుకోలేదు. సాయంత్రం ఫైలును పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకున్నాను. పక్కనే ఉన్న చిన్న ఫైళ్ళు అక్కర్లేని చెత్తలా కనిపించాయి గాని, ఎందుకో వాటినీ కలిపే తీసుకున్నాను. ఆ పని చేసినందుకు తర్వాత ఎన్నిసార్లు దేవునికి స్తోత్రం చెప్పుకున్నానో.

సోమవారం కాలేజీ ల్యాబులో ఆ ఫైలు బాగుందో లేదో పరీక్షించే ఆదేశం ఇచ్చాను. బాగుంటే ఒక్క మాటతో సరిపోతుంది. తెర నిండా తప్పులు దిగుతూ పోయాయి. ఆ పేజీ రెండుసార్లు వాడబడింది, ఈ సూచికలో ఆ వరుస లేదు, ఇలాంటివే.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలని ల్యాబులో రెండు కంప్యూటర్లు తీసుకుని, మూడోదాంట్లో ఉమ్మడి ఫోల్డరు పెట్టి, మా సంఘంలో ఉన్నట్టే అమర్చాను. రెండింటి నుంచీ ఒకే ఫైలులోకి ఉత్తుత్తి పేర్లు రాయించాను. ఎవరూ ఎవరినీ ఆపలేదు. కాసేపటికి అక్కడా ఫైలు పాడైంది. ఇందులో ఎవరి వేలూ జారలేదు.

అప్పుడు నేను నెలల క్రితం చూసిన ఆ ఇంటర్నెట్టు పేజీని మళ్ళీ తెరిచి, ఈసారి చివరిదాకా చదివాను. ఈ పద్ధతి పనిచేయాలంటే ఫైలు తెరిచినవాళ్ళంతా ఒకే కంప్యూటరులో ఉండాలి, నెట్‌వర్కులో పెట్టిన ఫైలుకు ఇది పనికిరాదు అని అక్కడ స్పష్టంగా రాసుంది. రాసేవాళ్ళు ఒకరి సంగతి ఒకరు తెలుసుకునేది కంప్యూటరు తన జ్ఞాపకంలో పెట్టుకునే ఒక చిన్న పట్టీ ద్వారా. ఆఫీసు కంప్యూటరు పట్టీ దానిది, అమ్మగారి ల్యాప్‌టాప్ పట్టీ దానిది. ఒకదాన్ని ఒకటి చూడలేవు. మావయ్య రాసిన పేజీ మీద అమ్మగారి ల్యాప్‌టాప్ తన దగ్గరున్న పాత పేజీని తెచ్చి రాసేసింది. ఎవరి వివరాలు ఎక్కడున్నాయో చెప్పే సూచికలో పాతదీ కొత్తదీ కలగాపులగమయ్యాయి. అప్ప భర్త సభ్యత్వ నంబరుతో అడిగితే అది మామ్మ వివరాలు తీసి ఇచ్చింది.

నేను విసుక్కున్న ఆ తాళం సందేశం, అది వచ్చినన్నాళ్ళూ, ఇక్కడేదో సరిగా లేదని చెబుతూనే ఉంది. నేను దాని నోరు మూయించాను.

మంగళవారం టెక్కలి నుంచి రాగానే ఇంటికి పోకుండా నేరుగా మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చున్నారు. ఎదురుగా పేపరుంది గాని చదవడం లేదు. అత్తయ్య లోపలి నుంచే, "ఏటైనాదో అడుగమ్మా, ఆదివారం కాడి నుంచీ ఇలగే ఉన్నారు" అంది.

నేను కూర్చోకుండానే చెప్పేశాను. "మావయ్యా, తప్పు మీది కాదు. నాది. మీరు సరిగ్గానే కొట్టారు, సరిగ్గానే చూశారు. నేను పెట్టకూడని చోట ఫైలు పెట్టాను. చదవాల్సింది పూర్తిగా చదవకుండా మార్చాను. పైగా ఆ రోజు మీదే పొరపాటన్నట్టు మాట్లాడాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కోప్పడతారనుకున్నాను.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా?" అన్నారు.

"బాగున్నాయి మావయ్యా."

"బుర్ర?"

"అదీ బాగుంది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలారు. "రెండ్రోజుల కాడి నుంచి అదే బెంగ. మా అన్నకీ ఇలగే మొదలైనాది. ముందు పేర్లు మరిసిపోనాడు, తర్వాత మడుసుల్ని మరిసిపోనాడు. రాజీనామా కాయితం కూడా రాసీసినాను" అని చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించారు. నా ముందే దాన్ని నాలుగు ముక్కలు చేశారు. తర్వాత లోపలికి చూసి, "ఏమే, ఉప్మా ఏమైనా ఉందా? ఆకలేత్తంది" అని కేకేశారు.

నా ఒంట్లోంచి సగం బరువు అక్కడే దిగిపోయింది.

మిగిలిన సగానికి పని చేయాల్సి వచ్చింది. బుధవారం నుంచి శనివారం దాకా కాలేజీకి సెలవు పెట్టాను. పక్క ఫైళ్ళు కూడా తెచ్చుకోబట్టి, పాడైన ఫైలులోంచి వరుసలన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీయగలిగాను. కొన్ని రెండుసార్లు వచ్చాయి, కొన్ని సగం సగం వచ్చాయి. పద్ధతి మార్చకముందు తీసిపెట్టిన నకలు నా దగ్గరుంది. కాబట్టి ఈ అయిదు నెలల్లో మారినవి సరిచూసుకుంటే చాలు. మావయ్య ఇనప్పెట్టెలోంచి ఫారాలన్నీ దింపారు.

బుధవారం పొద్దున్న పదింటికి మామ్మ వచ్చి కూర్చుంది. అమ్మగారు చెప్పారట. వచ్చీ రాగానే, "నా కాయితం ఏదీ, సూపించు" అంది. పాడైన ఫైలులో ఆవిడ పేజీ తెరిచి చూపించాను.

"ఏ రోజున పోనానంటా?"

తేదీ చదివాను. మామ్మ వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.

"ఓలమ్మ! ఆ రోజు మా సెల్లెలి మనవరాలి పెళ్ళి కదే. ఇచ్ఛాపురంలో పెళ్ళి భోజనం తిన్నాను. రెండోసారి పాయసం కూడా ఏయించుకున్నాను."

మావయ్య పగలబడి నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మామ్మా, నన్ను క్షమించు" అన్నాను.

"దేనికి? ముందుకెల్లి మల్లీ ఎనక్కొచ్చిన మడిసిని సూసి అందరూ నాకు దండాలెడతన్నారు. బాగానే ఉంది" అని కర్ర పక్కన పెట్టి ఫారాలు ముందుకు లాక్కుంది.

ఆ మూడు రోజులూ మామ్మ లేకపోతే ఆ పని తెమిలేది కాదు. ఒకే పేరున్న ఇద్దరు అన్నదమ్ముల పిల్లల్ని కంప్యూటరు కలిపేస్తే, "ఇది పెద్దోడి కూతురు కాదు, రెండోవాడిది. పెద్దోడి కూతురికి సెయ్యి మీద మచ్చుంటాది" అని విడదీసింది. టెక్కలి దగ్గర రావివలసలో ఉండే ఒక కుటుంబం వివరాలు సగమే మిగిలితే, అత్తగారి పుట్టింటితో సహా చెప్పింది. మావయ్య ఫారం చూసి సరే అంటేనే నేను ఎక్కించేదాన్ని. ఒక్కసారీ ఆవిడ తప్పు చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రానికి కొత్త ఫైలు తయారైంది. పరీక్ష పెడితే ఒక్క తప్పూ లేదని ఒక్క మాటలో చెప్పింది. ఈసారి దాన్ని ఆ పెట్టెలో పెట్టలేదు. ఆఫీసు కంప్యూటరులోనే పెట్టాను. అమ్మగారి ల్యాప్‌టాప్ ఇక ఫైలును ముట్టుకోదు. ఆవిడ బ్రౌజరులో పేజీ తెరిచి నింపితే అది ఆఫీసు కంప్యూటరులోని ప్రోగ్రాముకు చేరుతుంది. ఫైలులో రాసేది ఆ ప్రోగ్రామొక్కటే. ఇద్దరు అడిగితే ఒకరి తర్వాత ఒకరిది రాస్తుంది. పెట్టెను రోజూ ఒక నకలు దాచుకోడానికి మాత్రమే ఉంచాను.

పరీక్షించడానికి అమ్మగారు ఇంట్లో, మావయ్య ఆఫీసులో కూర్చున్నారు. ఫోనులో నేను ఒకటి, రెండు, మూడు అనగానే ఇద్దరూ సేవ్ నొక్కారు. రెండూ పడ్డాయి. మళ్ళీ చేయించాను. మళ్ళీ రెండూ పడ్డాయి. ఇరవై సార్లయినా చేయించి ఉంటాను. "ఇంక సాల్లేమ్మా, ఏలు నొప్పెడతంది" అని మావయ్య అంటే గాని ఆపలేదు.

అప్ప ఇంటికి వెళ్ళడం మాత్రం మిగిలిపోయింది. ఫోను చేస్తే తీయలేదు. శనివారం పొద్దున్న ఆటో మాట్లాడుకున్నాను. మామ్మ తనూ వస్తానంది. "నువ్వొక్కదానివే ఎలితే అది తలుపు తియ్యదు. నన్ను సూత్తే తీత్తాది" అంది.

కొబ్బరితోటల మధ్య నుంచి రోడ్డు. దారి పొడుగునా కొబ్బరి డొక్కల గుట్టలు ఎండుతున్నాయి. ఊరి మొదట్లోనే సముద్రం చప్పుడు వినబడింది. అప్ప పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి మామ్మకు మాత్రం వందనాలు చెప్పి, మంచం వాల్చింది. నా వైపు చూడలేదు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. "అప్పా, ఆదివారం జరిగింది నా వల్ల..."

"జరిగిపోనాది కదా, ఇప్పుడెందుకు" అంది. బట్టలు దులుపుతూనే ఉంది. కాసేపటికి తనే అంది: "మేము ఊరొదిలీసినాం. ఆస్పత్రి సుట్టూ తిరగడంతోటే సరిపోనాది, మందిరానికి రానేదు. సంఘంలోంచి మా పేర్లు తీసీసినారు కాబోలనుకున్నాను. ఆయన పోయినప్పుడు కబురెట్నాం. అయినా సదవనేదంటే మరేటనుకోవాలి?"

ఆ మాట నేను ఊహించలేదు. పేరు చదవలేదని బాధపడుతుందనుకున్నాను గాని, తమను వెలివేశారని అనుకుంటుందని నాకు తట్టలేదు. ఆ వారం రోజులూ ఆమె ఆ మాట మోస్తూ తిరిగింది.

"ఒలే" అంది మామ్మ, "నిన్ను తియ్యడానికి ఎవులకి అధికారముందే? నువ్వు బాప్తిస్మానికి నీల్లల్లోకి దిగినప్పుడు సలికి వణుకుతా ఉంటే దుప్పటి పట్టుకుని గట్టు మీద నిలబడ్డది ఎవులు?"

అప్ప చేతిలోని బట్ట దండెం మీద వేసేసింది. నేను సంచీలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆ కుటుంబం పేజీ, కొత్తగా ప్రింటు తీసింది. ఆయన పేరు, ఆమె పేరు, పిల్లలిద్దరి పేర్లు, బాప్తిస్మం తేదీలు, పెళ్ళి, ఆయన చనిపోయిన తేదీ. అప్పకు చదవడం వచ్చు. మెల్లగా వేలు పెట్టి వరుసంతా చదివింది.

"ఎవరూ తీయలేదు అప్పా. ఇద్దరు ఒకే పుస్తకంలో, ఒకే పేజీ మీద, ఒకరికి తెలీకుండా ఒకరు రాసినట్టయింది. అలా జరక్కుండా చూడాల్సింది నేను. చూడలేదు. మావయ్య తప్పు కాదు, అయ్యగారి తప్పు కాదు."

"మరి మామ్మ పేరెందుకు సదివినారు?"

"ఆ కంప్యూటరికి నా మీద తొందరెక్కువ" అంది మామ్మ.

అప్ప పెదాలు బిగపట్టుకుంది గాని ఆగలేదు. నవ్వొచ్చేసింది. నవ్వుతూనే చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ కాగితం మడత పెట్టకుండా లోపలికి తీసుకెళ్ళి బైబిల్లో పెట్టి, వచ్చేటప్పుడు పళ్ళెంలో వేయించిన జీడిపప్పు, ఉడికించిన చిలగడదుంపలు తెచ్చింది. నేను ఆ వారంలో కడుపు నిండా తిన్నది అక్కడే.

"ఆయన పేరు మల్లీ సదువుతారా?" అని అడిగింది.

"రేపే. అయ్యగారితో మాట్లాడాను."

"రేపేనా! అయితే మా మరుదులకి ఇప్పుడే సెప్పాలి. బొత్తిగా తీరిక నేని మడుసులు" అని ఫోనందుకుంది.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆరాధనలో, పాట అయ్యాక, అయ్యగారు నన్ను మైకు దగ్గరికి పిలిచారు. నేనే అడిగాను, చెప్పాల్సింది నేనే చెబుతానని. ఎంత ప్రాక్టీసు చేసుకున్నా రాసుకున్న కాగితం తీయాల్సి వచ్చింది. పోయిన వారం జరిగిన పొరపాటు నాదనీ, కార్యదర్శిగారు సరిగ్గానే రాశారనీ, రిజిస్టరు ఇప్పుడు సరిగా ఉందనీ చెప్పాను. వివరాలు కావాలంటే తర్వాత చెబుతానన్నాను. ఎవరూ అడగలేదు. మావయ్య మాత్రం తన బెంచీలో నిటారుగా కూర్చున్నారు.

అయ్యగారు అప్ప భర్త పేరు చదివారు. ఆఖరి బెంచీలో అప్ప లేచి నిలబడింది. ఆ పూట ఆ ఇంటి ఆడా మగా అందరూ అక్కడే కూర్చున్నారు; ఆమెతోపాటు ఇద్దరు కొడుకులు, మరుదులు, తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు లేచారు. బెంచీ అంతా లేచింది. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అయ్యగారు తొందరపడలేదు. కాసేపు అలాగే నిలబడనిచ్చి, తర్వాత ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకోవలసిన సమయంలో తెరిచే ఉంచాను. అప్ప ఈసారి ముందు బెంచీని పట్టుకోలేదు. చేతులు రెండూ వదులుగా, పక్కకు ఉన్నాయి.

ఆరాధన అయ్యాక ఆఫీసు గదిలో ఆమె మావయ్యతో మాట్లాడుతోంది. ఫోను నంబరు మారిందని చెబితే ఆయన రెండు వేళ్ళతో కొడుతున్నారు. నేను లోపలికి వెళ్ళి చూడాలనుకుని మానేశాను. నా అవసరం లేదు అక్కడ.

ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా మంచం మీద నడుం వాల్చాను. కిటికీలోంచి ఎండ కాళ్ళ మీద పడుతోంది. లేచి తలుపు వేద్దామనుకున్నానంతే. మళ్ళీ మెలకువ వచ్చేసరికి ఇంట్లో దీపాలు వెలిగాయి. వంటింట్లోంచి మా అమ్మ, "ఇంకెంతసేపు పడుకుంటావు, కాఫీ సల్లారిపోతంది" అంటోంది.